ఆయన చెప్పని గోలు

2025 మే 18న, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి చెందిన ఫుట్‌బాల్ క్లబ్బు ఎవర్టన్ పురుషుల జట్టు గుడిసన్ పార్కులో తన చివరి మ్యాచ్ ఆడింది. 1892 నుంచి ఆ జట్టుకు అదే ఇల్లు. సౌతాంప్టన్ మీద 2-0తో గెలిచి, ఆ ఇంటికి వీడ్కోలు చెప్పి, మెర్సీ నది ఒడ్డున పాత రేవులో కట్టిన కొత్త స్టేడియానికి వెళ్లిపోయారు. దూరదేశంలో తెర ముందు కూర్చుని ఆ మ్యాచ్ చూస్తున్న నాకు ఆట మీద మనసు నిలవలేదు. మైదానం వెనక ఉన్న స్టాన్లీ పార్కే కళ్ల ముందు తిరిగింది.

ఆ పార్కుకు ఒక పక్కన గుడిసన్, మరో పక్కన అదే ఊరి ఇంకో జట్టు లివర్‌పూల్ మైదానం యాన్‌ఫీల్డ్. మధ్యలో చెట్లు, పచ్చిక, ఒక చెరువు. ఒకదాని నుంచి మరొకదానికి తీరిగ్గా నడిచినా పావుగంటకు మించి పట్టదు. 2011 నుంచి 2016 వరకు నేను ఆ పార్కు పక్క వీధిలో, ఒక ఇంటి మేడ మీద గదిలో అద్దెకు ఉన్నాను. ఇంటి యజమాని రేవులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. భార్య పోయి అప్పటికి కొన్నేళ్లయింది. ఆయన నీలం, అంటే ఎవర్టన్. ఆమె పుట్టింటివాళ్లంతా ఎరుపు, అంటే లివర్‌పూల్. ఆ ఊళ్లో జట్ల పేర్లకన్నా రంగుల పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. ఒకే కంచం దగ్గర కూర్చునేవాళ్లు రెండు రంగుల్లో ఉండడం అక్కడ వింత కాదు. తండ్రి నీలమైతే కొడుకు ఎరుపు, అక్క ఎరుపైతే చెల్లెలు నీలం. ఈ రెండు జట్ల మధ్య మ్యాచ్ జరిగే వారం అంతా ఒకరినొకరు దెప్పుకుంటూనే ఉంటారు. ఆదివారం భోజనానికి మాత్రం అందరూ ఒకచోటే చేరతారు.

ఇంట్లో దిగిన కొత్తలోనే నేను ఒక పొరపాటు చేశాను. ఫుట్‌బాల్ చరిత్ర చదువుకున్నానన్న ఉత్సాహంలో, 1989 ఏప్రిల్ 15 ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ రోజు మీరు విల్లా పార్కులో ఉన్నారట కదా, ఎవర్టన్ నార్విచ్ మీద 1-0తో గెలిచి ఫైనల్‌కు వెళ్లింది కదా, పాట్ నెవిన్ కొట్టిన ఆ గోలు ఎలా ఉంది అని అడిగాను. ఆయన కెటిల్‌లో నీళ్లు నింపుతున్నారు. కుళాయి కట్టేశారు. "టీ తాగుతావా?" అన్నారు. అంతే. కాసేపటికి నాకు తేదీ వెలిగింది. అదే రోజు, అదే మధ్యాహ్నం 3 గంటలకు, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో రెండో సెమీఫైనల్. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్.

ఆ రోజు ఏం జరిగిందో తర్వాతి సంవత్సరాల్లో కొంత చదివి, కొంత విని తెలుసుకున్నాను. లివర్‌పూల్ అభిమానులకు లెపింగ్స్ లేన్ వైపు గ్యాలరీ ఇచ్చారు. అక్కడ నిలబడి చూసే చోటుకు పదివేల మందికి పైగా వెళ్లాలి. వాళ్లందరికీ కలిపి ఒక్కొక్కరుగా తోసుకుని దాటే గేట్లు ఏడే ఏడు. మ్యాచ్ సమయం దగ్గర పడేకొద్దీ బయట జనం ఇరుక్కుపోయారు. ఆట మొదలుపెట్టడం ఆలస్యం చేయలేదు. 2 గంటల 52 నిమిషాలకు పోలీసులు పక్కనున్న పెద్ద గేటు తెరిచారు. లోపలికి వచ్చినవాళ్లకు ఎదురుగా కనిపించేది ఒక సొరంగం లాంటి దారి. అది నేరుగా గోలు వెనక ఉన్న నడిమి అరలలోకి, మూడో అరకు, నాలుగో అరకు, తీసుకెళ్తుంది. అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్క అరలలో చోటుంది. కానీ ఆ దారి మూసి జనాన్ని పక్కలకు మళ్లించేవాళ్లు ఎవరూ అక్కడ లేరు. ముందు ఎత్తైన ఇనుప కంచె, పక్కలా కంచెలే. 3 గంటల 6 నిమిషాలకు రిఫరీ ఆట ఆపాడు.

ఇలాంటి సంఘటనలకు తెలుగులో మనకు అలవాటైన మాట తొక్కిసలాట. హిల్స్‌బరో గురించి ఎక్కడ రాయాల్సి వచ్చినా ఆ మాట దగ్గర నా కలం ఆగిపోతుంది. అక్కడ ఎవరూ ఎవరినీ తొక్కుకుంటూ పరుగెత్తలేదు. నిలుచున్నవాళ్లు నిలుచున్నట్టే, ఛాతీ కదలక, ఊపిరి తీసుకునే చోటు లేక పోయారు. తొక్కిసలాట అనగానే తప్పు గుంపుదే అనిపిస్తుంది. ఆ ఒక్క అభిప్రాయాన్ని తుడిచేయడానికి ఆ ఊరివాళ్లకు 27 ఏళ్లు పట్టింది. అందుకే నేను ఆ మాట వాడను.

ఆ రోజే 94 మంది చనిపోయారు. నాలుగు రోజులకు 14 ఏళ్ల కుర్రవాడు, నాలుగేళ్ల తర్వాత 1993లో ఇంకొకరు. ఆ రోజు తగిలిన గాయాలతో ముప్ఫై రెండేళ్లు బతికిన మరొకరు 2021లో పోయినప్పుడు లెక్క 97కు చేరింది. అందరిలోకీ చిన్నవాడికి పదేళ్లు. తర్వాత లివర్‌పూల్ కెప్టెన్ అయిన స్టీవెన్ జెరార్డ్‌కు వరసకు అన్న. స్ట్రెచర్లు చాలక, అభిమానులు మైదానం చుట్టూ ఉన్న ప్రకటనల బోర్డులు పీకి వాటి మీద మనుషులను మోసుకుపోయారు. అలా మోసినవాళ్లలో పెద్దాయన బావమరిది ఒకరు. ఆయన పక్క అరలో ఉండడం వల్ల బయటపడ్డారు.

ఆ సమయానికి పెద్దాయన బర్మింగ్‌హామ్‌లో, విల్లా పార్కులో ఉన్నారు. అక్కడ ట్రాన్సిస్టర్లు పట్టుకున్నవాళ్ల దగ్గర నుంచి మాట పాకింది. హిల్స్‌బరోలో ఆట ఆగిపోయిందట, జనం మైదానంలోకి వచ్చారట. మొదట అందరికీ చిరాకు వేసింది. మళ్లీ వీళ్లే ఏదో గొడవ చేశారు అనుకున్నారు. ఆయన కూడా అనుకున్నారు. ఈ సంగతి ఆయన నాకు ఒకసారి చెప్పారు, ఎటో చూస్తూ. మ్యాచ్ అయ్యాక బయటికి వస్తుంటే చావులనే మాట వినిపించింది. ఫైనల్‌కు వెళ్లిన జట్టు అభిమానులు పాట లేకుండా బస్సులెక్కారు. దారిలో ఆగిన ప్రతిచోటా టెలిఫోన్ బూత్‌ల ముందు బారులు. ఎరుపు బంధువు లేని నీలం ఇల్లు అరుదు కదా, అందరూ ఇంటికే ఫోన్ చేయాలి. ఆయన వంతు వచ్చేసరికి అర్ధగంట దాటింది. ఇంట్లో ఫోను ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు, కలవలేదు.

బావమరిది రాత్రి పదకొండు దాటాక వచ్చాడు. అక్క తలుపు తీసింది. లోపలికి వచ్చి మేడమెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి తల ఎత్తి, ఎదురుగా నిలబడ్డ పెద్దాయనను చూసి, "మీ మ్యాచ్ ఏమైంది?" అని అడిగాడు. పెద్దాయన, "ఏమో, తెలియదు," అన్నారు.

ఇది నాకు పెద్దాయన చెప్పలేదు. చాలా కాలం తర్వాత బావమరిదే చెప్పారు. ఆ జవాబు అబద్ధమని తనకు అప్పుడే తెలుసునట.

వారం తిరిగేసరికి, ఏప్రిల్ 22న, గుడిసన్ నుంచి యాన్‌ఫీల్డ్ దాకా స్టాన్లీ పార్కు మీదుగా స్కార్ఫులు ముడివేశారు. ఎరుపు తర్వాత నీలం, నీలం తర్వాత ఎరుపు, మైలు పొడవునా. సరిగ్గా 3 గంటల 6 నిమిషాలకు ఊరంతా మౌనం పాటించింది. యాన్‌ఫీల్డ్‌లో అప్పటికే గోలు దగ్గర మొదలైన పూలు మైదానం సగం దాకా పరుచుకున్నాయి. ఆ పూల మధ్యన, గేట్ల కడ్డీలకు, ఎక్కడ చూసినా నీలం స్కార్ఫులు కూడా ఉన్నాయి. పెద్దాయన తనది పార్కులో ముడివేశారు. తండ్రి కొనిచ్చిన స్కార్ఫు అది. దాని బదులు మళ్లీ ఇంకొకటి కొనుక్కోలేదు. నేనున్న అయిదేళ్లలో ఎంత చలిలోనైనా మామూలు మఫ్లరుతోనే గుడిసన్‌కు వెళ్లేవారు.

ఈ నీలం స్కార్ఫుల బరువు తెలియాలంటే ఇంకొక నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో యూరోపియన్ కప్ ఫైనల్‌కు ముందు, లివర్‌పూల్ అభిమానులు కొందరు యువెంటస్ అభిమానుల వైపు దూసుకెళ్లారు. వెనక్కి తగ్గినవాళ్లు గోడకు అదుముకుపోయారు, గోడ కూలింది. 39 మంది పోయారు. ఎక్కువమంది ఇటలీవాళ్లు. ఆ తర్వాత ఇంగ్లండ్ క్లబ్బులన్నిటినీ యూరప్ పోటీల నుంచి అయిదేళ్లు వెలివేశారు. ఆ ఏడాది ఇంగ్లండ్ లీగ్ విజేత ఎవర్టన్. సరిగ్గా రెండు వారాల ముందే యూరప్‌లో కప్ విన్నర్స్ కప్పు కూడా గెలుచుకుంది. ఆ జట్టు చరిత్రలోనే అంత గొప్ప జట్టు లేదని పెద్దాయన నమ్మకం. యూరోపియన్ కప్పులో ఆడే అవకాశం దానికి రాలేదు. 1987లో మళ్లీ లీగ్ గెలిచింది, మళ్లీ రాలేదు. ఎరుపువాళ్ల వల్ల తమ నోటి దగ్గర కూడు పోయిందని నీలంవాళ్లలో చాలామందికి ఆ కోపం నిజంగానే ఉండేది. పెద్దాయనకు నేనున్న రోజుల్లోనూ ఉంది. హేసెల్ పేరెత్తితే ఆయన గొంతు గట్టిపడేది. ఆ మనిషే నాలుగేళ్లకు పార్కులో నిలబడి తండ్రి ఇచ్చిన స్కార్ఫును ఎరుపు స్కార్ఫుకు ముడివేశారు. కోపం పోయి కాదు. కోపాన్ని అలాగే ఉంచుకుని.

2005లో లివర్‌పూల్, యువెంటస్ యాన్‌ఫీల్డ్‌లో తలపడినప్పుడు, లివర్‌పూల్ అభిమానులు అట్టలు పట్టుకుని ఇటలీ భాషలో స్నేహం అనే మాట గ్యాలరీ అంతటా పేర్చారు. యువెంటస్ అభిమానుల్లో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు వీపు తిప్పుకుని నిలబడ్డారు. ఇది నేను అక్కడికి వెళ్లక ముందు సంగతి. ఒకసారి మాటల్లో వస్తే, అంత మంచి మనసుతో చేసినదానికి వీపు తిప్పడం ఏమిటని అన్నాను. పెద్దాయన నన్ను తేరిపార చూశారు. "పోయినవాళ్లు వాళ్లవాళ్లు. ఎప్పుడు ఇటు తిరగాలో వాళ్లే చెప్పాలి," అన్నారు. ఇప్పటికీ ఆ విషయంలో ఆయనదే సరైన మాట అని నా అభిప్రాయం.

2011 చలికాలంలో నేను ఇంకొక తెలియని తప్పు చేశాను. లండన్ నుంచి రైల్లో వస్తూ, పక్క సీటులో ఎవరో వదిలేసిన సన్ పత్రిక తీసుకుని ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. పెద్దాయన దాన్ని కొసన రెండు వేళ్లతో పట్టుకుని, పెరటి తలుపు తీసుకుని వెళ్లి చెత్తబుట్టలో పడేశారు. చేతులు కడుక్కున్నారు. నీకు తెలియదులే అని కూర్చోబెట్టి చెప్పారు. 1989 ఏప్రిల్ 19న, ఇంకా అంత్యక్రియలు పూర్తికాక ముందే, ఆ పత్రిక మొదటి పేజీలో "నిజం" అని పెద్ద శీర్షిక పెట్టింది. అభిమానులు చనిపోయినవాళ్ల జేబులు కొట్టేశారని, పోలీసుల మీద మూత్రం పోశారని కింద రాసింది. అన్నీ అబద్ధాలు. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో ఆ పత్రికను చాలా దుకాణాలు అమ్మవు, జనం కొనరు. నీలం ఇళ్లలోనూ కొనరు. 2017లో ఆ పత్రిక విలేకరులను లివర్‌పూల్ క్లబ్బు తన మైదానంలోకి రానివ్వడం మానేసింది. రెండు నెలలకు ఎవర్టన్ కూడా అదే పని చేసింది.

ప్రత్యర్థి దుఃఖంలో పాలుపంచుకోవడం అంటే ఒక పూలగుత్తి పెట్టి వెళ్లడం అని అంతవరకు అనుకునేదాన్ని. ఆ వంటింట్లో అది అంతకంటే చాలా పెద్ద పని అని తెలిసింది. 22 ఏళ్లుగా రోజూ పొద్దున ఒక పత్రిక కొనకుండా ఉండడం కూడా సంతాపమే.

2012 సెప్టెంబరు 12న హిల్స్‌బరో మీద స్వతంత్ర సంఘం నివేదిక వచ్చింది. పోలీసుల వాంగ్మూలాల్లో 164 దిద్దారని, వాటిలో 116లో పోలీసులకు ఇబ్బంది కలిగించే మాటలు తీసేశారని అందులో తేలింది. సరైన వైద్యం సమయానికి అంది ఉంటే 41 మంది బతికే అవకాశం ఉండేదని కూడా. ఆ మధ్యాహ్నం పెద్దాయన రేడియో కట్టలేదు, భోజనం చేయలేదు. అయిదు రోజులకు, సోమవారం రాత్రి, గుడిసన్‌లో ఎవర్టన్, న్యూకాజిల్ మ్యాచ్. నన్ను వెంట తీసుకెళ్లారు. ఆట మొదలయ్యే ముందు ఇద్దరు పిల్లలు చేయీ చేయీ పట్టుకుని మైదానం మధ్యకు నడిచి వచ్చారు. ఒకరు ఎవర్టన్ చొక్కా, ఒకరు లివర్‌పూల్ చొక్కా. ఒకరి వీపు మీద 9, మరొకరి వీపు మీద 6. కలిపి చదివితే 96, పోయినవాళ్ల అప్పటి లెక్క. తెర మీద పోయినవాళ్ల పేర్లు కదులుతున్నాయి, అన్నదమ్ముల గురించిన ఒక పాత పాట వినిపిస్తోంది. మైదానం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. గుడిసన్‌లో ఒక లివర్‌పూల్ చొక్కాకు అన్ని చప్పట్లు! నా పక్కన పెద్దాయన చప్పట్లు కొట్టడం లేదు. టోపీ తీసి రెండు చేతులతో ఛాతీకి పట్టుకుని పేర్లు చదువుతున్నారు. ఒక పేరు దగ్గర ఆయన పెదవులు ఆగిపోయాయి. ఎవరని నేను అడగలేదు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 15న యాన్‌ఫీల్డ్ సంస్మరణ సభలో ఎవర్టన్ చైర్మన్ బిల్ కెన్‌రైట్ మాట్లాడారు. కొడుకుల కోసం పోరాడిన తల్లుల గురించి చెబుతుంటే ఎరుపు గ్యాలరీ లేచి నిలబడింది. 2014లో పాతికేళ్లు నిండినప్పుడు ఇంగ్లండ్‌లో ఆ వారాంతపు మ్యాచులన్నీ ఏడు నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యాయి. ఆరు నిమిషాలు ఆనాటి ఆటకు, ఒక నిమిషం మౌనానికి.

అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని చెప్పను. ఇతర జట్ల అభిమానుల్లో కొందరు హిల్స్‌బరో మీద నీచమైన పాటలు పాడడం నేను చెవులారా విన్నాను. 1958 మ్యూనిక్ విమాన ప్రమాదంలో పోయిన మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లను లివర్‌పూల్ అభిమానుల్లో కొందరు ఎగతాళి చేయడం కూడా విన్నాను. రెండూ విన్నప్పుడు నాకు ఒకేలా ఒళ్లు మండింది. నివేదిక వచ్చిన పదకొండు రోజులకు ఆ రెండు జట్లే యాన్‌ఫీల్డ్‌లో తలపడ్డాయి. మ్యూనిక్‌లో బతికి బయటపడిన బాబీ చార్ల్‌టన్ పూలు తెచ్చి లివర్‌పూల్ పాత ఆటగాడు ఇయాన్ రష్ చేతికి అందించారు. టీవీలో అది చూసి పెద్దాయన, "ఆయనకు తెలుసు," అని మాత్రం అన్నారు.

2016 ఏప్రిల్ 26న రెండో మరణ విచారణలో జ్యూరీ తీర్పు వచ్చింది. రెండేళ్లకు పైగా సాగిన విచారణ అది. 1991లో మొదటి విచారణ ప్రమాదవశాత్తు జరిగిన మరణాలని చెబితే, ఈ జ్యూరీ చట్టవిరుద్ధంగా వాళ్ల ప్రాణాలు తీశారని, అభిమానుల తప్పు ఏమీ లేదని చెప్పింది. (ఆ తర్వాత నడిచిన కేసులో, ఆనాటి బందోబస్తుకు అధిపతి అయిన పోలీసు అధికారి 2019లో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ వార్త నేను దూరం నుంచే విన్నాను. పెద్దాయనకు ఫోన్ చేస్తే చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.)

తీర్పు మర్నాడు సాయంత్రం సెయింట్ జార్జెస్ హాల్ ముందు ఊరంతా చేరింది. హాలు స్తంభాల మధ్య నిజం, న్యాయం అనే రెండు మాటల పెద్ద బ్యానర్లు. మెట్ల మీద పోయిన ఒక్కొక్కరికి ఒక దీపం, ఒక గులాబీ. పేర్లు చదివారు. పెద్దాయన నీలం చొక్కా వేసుకుని వచ్చారు, ఆయన పక్కన బావమరిది ఎరుపు చొక్కా. వాళ్ల వెనక నేను. లివర్‌పూల్ అభిమానుల పాట ఎత్తుకున్నప్పుడు పెద్దాయన పాడలేదు. పాడనివ్వని నీలం ఆయనది. కానీ బావమరిది భుజం మీద వేసిన చేయి మాత్రం పాట అయ్యేదాకా తీయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడ్డాం. చీకటి పడింది, జనం ఇంకా వస్తూనే ఉన్నారు. బావమరిది ఉన్నట్టుండి పెద్దాయన వైపు తిరిగి, "ఇంతకీ ఆ రోజు మీ మ్యాచ్ ఏమైంది?" అన్నారు.

పెద్దాయన ఆయన్ను చూశారు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"గెలిచాం," అన్నారు. "ఒకటి, సున్నా. నెవిన్ కొట్టాడు."

"మంచి గోలేనా?"

"అంత గొప్పదేం కాదు. దగ్గర నుంచే లోపలికి నెట్టాడు." కాసేపు ఆగారు. "నేను గంతులేశాను. అప్పుడు టైము ఎంతయిందో ఆ తర్వాత చాలాసార్లు లెక్కేసుకున్నాను."

బావమరిది రోడ్డు వైపు చూస్తూ తల ఊపారు. "గోలు కొడితే గంతులేయరా మరి," అన్నారు. "ఎవరు ఇచ్చారు పాసు?"

పెద్దాయన చెప్పడం మొదలుపెట్టారు. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక కూడా, చేతులతో ఆటగాళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో చూపిస్తూ, చెబుతూనే ఉన్నారు.